స్లాబు పడ్డాకే అసలు పని

‘‘స్లాబు పడిపోయింది. ఇంకేముంది, ఇల్లు అయిపోయినట్టే!’’

ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబంలోనూ వినిపించే మాటే ఇది. మా ఇంట్లోనూ వినిపించింది. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఊళ్లో ఇల్లు మొదలుపెట్టారు. వైశాఖంలో స్లాబు వేశారు. ఆ రోజు కూలీలకు భోజనాలు పెట్టి, చుట్టుపక్కల వాళ్లకు స్వీట్లు పంచి, సాయంత్రానికల్లా పంతులుగారి చేత శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేశారు. ఆ తొందరే మా కొంప ముంచింది.

స్లాబు పడితే ఇంటికి ఎముకల గూడు వచ్చినట్టు, అంతే. కరెంటు, నీళ్లు, గచ్చు, రంగు... ఇంటిని ఇల్లు చేసేవన్నీ ఆ తర్వాతే. డబ్బు సంగతీ అంతే. తలుపులు, టైల్స్, కరెంటు సామాను, బాత్‌రూమ్ ఫిట్టింగులు, రంగులు అన్నీ కలిపితే గోడలకూ స్లాబుకూ అయినంత అవుతుంది. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. పైగా లోపలి పనికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే, చేసిన పనిని మళ్లీ పగలగొట్టాల్సిందే.

ముందుగా సెంట్రింగ్. ఐఎస్ 456 ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబుకు ఆసరాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాలకైతే 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆ పైన 21 రోజులు. ఇప్పుడు ఎక్కువ మంది వాడే ఫ్లైయాష్ కలిసిన సిమెంటు కాస్త నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిది. నీళ్లు పట్టడం కూడా 7 రోజులతో సరిపెట్టకుండా కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు సాగాలి.

తర్వాత గదుల మధ్య గోడలు, ద్వారబంధాలు. అవి నిలబడ్డాక ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వస్తారు. గోడకు గాడి కొట్టి పైపులు వేసే దశ ఇది. ఇంట్లోవాళ్లంతా ఒకసారి ఖాళీ గదుల్లో తిరగాల్సింది అప్పుడే. మంచం ఎటు వేస్తారు? ఫ్రిజ్ ఎక్కడ? మిక్సీ, గ్రైండర్, వాటర్ ఫిల్టర్... వంటింట్లో ఎన్ని ప్లగ్గులు కావాలి? సుద్దముక్కతో గోడ మీద గీయండి. వంటగట్టు ఎత్తు మేస్త్రి ఇష్టానికి వదలొద్దు. రోజూ వంట చేసేవాళ్లను అక్కడ నిలబెట్టి, మోచేయి కంటే కాస్త కిందకు వచ్చేలా గుర్తు పెట్టించండి. ఆ నడుం నొప్పి మేస్త్రికి రాదు కదా!

వైర్ల విషయంలో పొదుపు వద్దు. లైట్లకు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సాధారణంగా వాడతారు. సరైన ఎర్తింగు, షాకు తగిలితే కరెంటును ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో మరీను.

గాడులు పూడ్చేముందు రెండు పనులు మరవొద్దు. ఒకటి, నీళ్ల పైపుల చివరలు బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టి ఎక్కడా కారడం లేదని చూడటం. రెండోది, ప్రతి గోడనూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

మా ఇంట్లో జరగనిది సరిగ్గా ఈ మొదటి పనే. ‘‘టెస్టింగు అంటే ఇంకో రెండు రోజులు పోతాయి సార్. ఏం కాదు, నాదీ పూచీ’’ అన్నాడు ప్లంబర్. శ్రావణం దగ్గర పడుతోంది, కార్డులు అచ్చుకు వెళ్లాయి. నాన్న సరేనన్నారు.

ఆ తర్వాత ప్లాస్టరింగు. ముందు సీలింగు, ఆపైన గోడలు. ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం కలిసే చోట చికెన్ మెష్ కొట్టకపోతే అక్కడే పగుళ్లొస్తాయి. ప్లాస్టరింగుకూ కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి.

బాత్‌రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైల్స్ వేయకముందే జాలీ మూసి, నేలంతా నీళ్లు నిలిపి రెండు రోజులు వదిలేయాలి. కింద, పక్క గోడల మీద చెమ్మ కనిపించకపోతేనే ముందుకెళ్లాలి. టైల్స్ వేసేటప్పుడు వాలు జాలీ వైపే ఉందో లేదో ఒక చెంబు నీళ్లు పోసి చూస్తే చాలు.

చివరగా లప్పం, ప్రైమర్, రంగు. ప్లాస్టరింగు అయ్యాక గోడ ఆరడానికి నెల రోజులైనా పడుతుంది. వానాకాలమైతే ఇంకా ఎక్కువ. పచ్చిగోడకు రంగేస్తే లోపలి తడి బయటికొచ్చే దారిలేక పొక్కులు లేస్తాయి, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మేం ఆషాఢం వానల్లో ప్లాస్టరింగు చేయించి, మూడు వారాలకే రంగేయించాం.

గృహప్రవేశం ఘనంగానే జరిగింది. పాలు పొంగాయి. వచ్చినవాళ్లంతా ఇల్లు బాగుందన్నారు. సంక్రాంతి నాటికి హాల్లో, నాన్న కుర్చీ వెనక గోడ మీద అరచేయంత మరక కనిపించింది. ఉగాదికి అది తలుపంత అయింది. గోడకు అవతల బాత్‌రూమ్. పైపు అతుకు దగ్గర కారుతోంది. కొత్త టైల్స్ పగలగొడుతుంటే నాన్న వీధి అరుగు మీద కూర్చుండిపోయారు. ఒక్కో సుత్తి దెబ్బకూ ఆయన ముఖం చూడలేకపోయాం. ముప్పై ఏళ్ల ఉద్యోగం తాలూకు డబ్బది.

పూచీ ఇచ్చిన ప్లంబర్ ఫోన్ ఎత్తలేదు. వేరే మనిషిని పిలిపించుకున్నాం. రెండు రోజుల టెస్టింగు మిగిల్చుకోబోయి, మూడు వారాలు, బోలెడు డబ్బు పోగొట్టుకున్నాం.

ఈ మధ్య మా ఎదురింటివాళ్లు స్లాబు వేశారు. స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి, ‘‘బాబాయ్‌గారూ, మంచి ముహూర్తం ఏమన్నా ఉందేమో మీ పంతులుగారిని అడుగుతారా?’’ అన్నాడు వాళ్లబ్బాయి.

నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని అన్నారు...

‘‘ముహూర్తానికేం, ఏటా వస్తాయి. ముందు పైపులు టెస్టు చేయించు నాయనా. ఆ రోజు నన్ను పిలువు, నేనొచ్చి కూర్చుంటాను.’’