మన అరికాలు ఎవరు చూడాలె?

మా పెద్దమ్మ అరికాలు మీద నల్లమచ్చ లేచింది. ఆనెకాయ అనుకొని బ్లేడుతో చెక్కింది, జిల్లేడు పాలు పోసింది. రక్తం కారుతుంటే ఒక దవాఖానకు తోలుకపోయిన. నర్సమ్మ బల్ల అవతల కూసొనే ఏ ఊరు, ఏ వాడ అని అడిగింది. కాలు ముట్టలేదు. మందు బల్ల మీద పెట్టింది. ఏడాది తర్వాత అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే గజ్జల్ల బిళ్ళలు కట్టినయి.

చర్మ క్యాన్సర్ తెల్లోళ్ల రోగం, ఎండతో వస్తది అంటరు. ఆస్ట్రేలియాలో 1981 నుంచి చొక్కా తొడుక్కో, క్రీము పూసుకో, టోపీ పెట్టుకో అని ప్రచారం చేస్తున్నరు. తెల్లతోలుకు అది అవసరమే. ఆ పాఠమే తెచ్చి మన నర్సులకు అప్పజెప్తే మనకేం ఒరుగుతది? నల్లతోలు మనుషులకు మెలనోమా ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కింద వస్తది. నల్లజాతి గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కిందనే వచ్చింది. మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నరు. అదే 1981లో, 36 ఏళ్లకే చనిపోయిండు.

ఇంకో రకం చర్మ క్యాన్సర్ పాత కాలిన మచ్చల మీద, ఏండ్ల తరబడి మానని పుండ్ల మీద పుడతది. లంగా నాడానో, చీరనో బిగించి కట్టి కట్టి నడుము మీద పుండుపడి క్యాన్సరైన ఇద్దరు ఆడవాళ్ల సంగతి 2024లో మన దేశపు డాక్టర్లే రాసిండ్రు. పొయ్యి కాడ, పొలం కాడ బతికే మన అక్కలకు ఈ ముచ్చట ఎవరన్న చెప్పిండ్రా?

ముప్ఫై ఏండ్లు దాటినోళ్లకు నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్లు చూడాలని 2016లో కేంద్రం చెప్పింది. ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు దాని మీదనే శిక్షణ. బీడీల ప్రాంతం మనది, నోరు చూడాల్సిందే, కాదనను. కానీ చర్మం ఆ లిస్టుల లేదు. 2023లో కామారెడ్డికి సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది కదా, సదాశివనగర్ నర్సులను, ఏఎన్ఎంలను అక్కడ కూసోబెట్టి నేర్పడానికి అడ్డమేంది? అరికాలు ఎట్ల చూడాలె, ఏ మచ్చను పెద్ద డాక్టరుకు పంపాలె, రోగికి ఏ మాటల్ల చెప్పాలె, ఇవన్నీ నేర్పాలె.

నర్సమ్మలను తిట్టుడు నా ఉద్దేశం కాదు. మన ఆడపిల్లలు కూడా ఆ కొలువుల్ల ఉన్నరు. ఎవరూ నేర్పని రోగం గురించి వాళ్లెట్ల చెప్తరు? కానీ ముట్టుకోవద్దని మాత్రం ఎవరు నేర్పిండ్రు? మా తాతలు చెప్పులు కుట్టిండ్రు, గడీ ముందర అవే చెప్పులు చేతిల పట్టుకొని నడిచిండ్రు. ఆ కాళ్లను చేత్తో పట్టి చూసుడు శిక్షణల మొదటి పాఠం కావాలె.

అన్నలారా, అక్కలారా! వచ్చే సంఘం మీటింగుల చెప్పులు విప్పి ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకుందం. పెరిగే నల్లమచ్చ, నెల దాటినా మానని పుండు కనబడితే బ్లేడు ముట్టించొద్దు, పసరు పోయొద్దు. కామారెడ్డి సర్కారు దవాఖానకు పోయి ముక్క పరీక్ష చేయమని అడగాలె. ఒక్కరే పోవద్దు, నలుగురం పోదం.