పూర్వవిద్యార్థి సమ్మేళనములు – మన పిల్లల తెలుగు

ఇటీవలి కాలమున మన తెలుగువారిలో ఒక కొత్త పండుగ బయలుదేరినది. పంచాంగములో దానికి తిథి లేదు గాని, సంక్రాంతి సెలవులలోనో దసరా సెలవులలోనో అది తప్పక వచ్చును. ఫలానా సంవత్సరపు పదవ తరగతివారి ఆత్మీయ సమ్మేళనమని దానికి పేరు. పీణ్యలోను, దాసరహళ్లిలోను, లగ్గెరెలోను, జాలహళ్లిలోను కాపురమున్న మనవారు నెల దినములు ముందుగనే వాట్సాప్ బృందములలో చందాలు పోగుచేయుదురు. ఆ ఉదయము హిందూపురమునకో, మడకశిరకో, కల్యాణదుర్గమునకో తరలిపోవుదురు. పాఠశాల వాకిట ఫ్లెక్సీ వెలయును. ఒకే రంగు చొక్కాలు, ఒకే అంచు చీరలు. ప్రధానోపాధ్యాయులవారిచేత పాత హాజరు పట్టిక పిలిపించి, ఏబది యేండ్లు దాటినవారు ‘ప్రెజెంట్ సార్’ అని లేచి నిలుతురు. గురువులకు పాదపూజ, శాలువ, జ్ఞాపిక. గతించిన సహాధ్యాయులకు రెండు నిమిషముల మౌనము. పిదప భోజనము, ఛాయాచిత్రము, కన్నీరు.

ఈ కన్నీటిని పరిహసించుట నా యుద్దేశము కాదు. ముప్పది యేండ్ల తరువాత ఒకే బల్లమీద కూర్చున్నవారిని చూచి కంట తడిపెట్టనివాడు మనుష్యుడు కాడు. కాని ఆ కన్నీరు దేనికొరకు కారుచున్నదో ఒక్కసారి విచారింపవలెను. విచారించినచో మనవారికి నచ్చని సత్యము బయటపడును.

ఏ సమ్మేళనమున ఎవరి ప్రసంగము విన్నను, లెక్కల మాస్టారి బెత్తము తరువాత అధికముగ స్మరింపబడునది తెలుగు పండితులవారే. ఆయన గజేంద్రమోక్షము చదివిన తీరు, గురులఘువులు గుర్తించుటకు వ్రేళ్లు మడిచిన తీరు, ఒక్క పద్యము ఒప్పజెప్పలేనందుకు ఎండలో నిలువబెట్టిన తీరు—ఇవియే కథలు. ఎనుబది యేండ్ల వృద్ధుని చేతికి మైకు నిచ్చి, ‘అయ్యగారూ, ఆ పద్య మొకటి’ అని వేడుకొందురు. ఆయన మొదటి పాదమెత్తుకొనగనే రెండవ పాదమును సభ యంతయు అందుకొనును. ఆ క్షణమున గోడ ప్రక్కన నిలిచియున్న పిల్లలను గమనించినవారెందరు? వారు ఫోనులలో తలలు దూర్చియుందురు. వారిలో ఒకరు తల్లి చీర చెంగు లాగి, అదేమి పాటయని ఆంగ్లములో అడుగును. తల్లి, పాట కాదు, పద్యమని చెప్పి, మరల సభలో శ్రుతి కలుపును. ‘పద్యము’ అనగా నేమో ఆ బిడ్డకు ఎవరును చెప్పరు.

నా అభియోగమిది. ఆ పద్యమును గొంతెత్తి పాడిన పెద్దమనిషి పీణ్యకు తిరిగివచ్చి తన బిడ్డను చదివించుచున్న పాఠశాలలో తెలుగునకు ప్రథమస్థానము లేదు, ద్వితీయము లేదు, తృతీయము కూడ లేదు. ఉండవలెనని అతడు ఎన్నడును అడుగలేదు. తనకు లభించినదానిని తలచుకొని ఏడ్చువాడు, ఆ వస్తువు తన బిడ్డకు అక్కరలేదని నిశ్చయించిన వాడే.

దీనికి మనవారు చెప్పు మొదటి సాకు, ఇది పరరాష్ట్రమను మాట. ఈ సాకు చెల్లదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక లెక్క కట్టిరి. ఒక భాష మాతృభాషగా గల బాలురు పాఠశాలలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని యున్నచో, ప్రాథమికదశలో ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని ఆ లెక్క. 1956లో 7వ సవరణవలన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతులు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రమునకు కర్తవ్యమైనది. ఉన్నత పాఠశాలల విషయమున చివరి 4 తరగతులలో కలిపి 60 మంది, తరగతికి 15 మంది అను లెక్క తరువాత వచ్చెను. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకమున నూటికి సుమారు ఆరుగురు తెలుగు మాతృభాషగా గలవారు. పీణ్యవంటి చోట పదిమంది పిల్లలు దొరకరని ఎవరైన చెప్పినచో, దీపావళినాడు ఏ వీధిలోనైన నిలిచి లెక్కపెట్టుకొమ్మందును.

పైగా 1994లో కర్ణాటక ప్రభుత్వము 1వ తరగతి నుండి 4వ తరగతి వరకు మాతృభాషలోగాని కన్నడములోగాని బోధింపవలెనని ఉత్తర్వు చేసినది. మాతృభాష యన్న మాట ఆ యుత్తర్వులోనే కలదు. దానిపై న్యాయస్థానమున కెక్కినవారు ప్రైవేటు పాఠశాలల యాజమాన్యములు. 2014 మే 6న సర్వోన్నత న్యాయస్థానము మాతృభాషామాధ్యమమును రాష్ట్రము నిర్బంధింపరాదనియు, ఎన్నుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులదేననియు తీర్పు చెప్పినది. తీర్పు యొక్క మంచిచెడ్డ లటుండనిండు. ఆ స్వేచ్ఛను మనవారు దేనికి వినియోగించిరి? నేటికిని కర్ణాటకపు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో 125 మార్కుల ప్రథమభాషగా తెలుగును తీసికొనవచ్చును. తలుపు మూసినది కన్నడిగుడు కాదు.

రెండవ సాకు మార్కులు. సంస్కృతమున నూటికి నూరు వచ్చుననియు, తెలుగు తీసికొన్నచో తగ్గుననియు అందురు. సంస్కృతముపై భక్తిచేత దానిని చదువువారికి నా నమస్కారము. కాని మార్కులకొరకు సంస్కృతము పట్టినవారిలో పరీక్ష మరునాడు ఒక శ్లోకమునకు అర్థము చెప్పగలవారిని వెదకవలసియుండును. దీనిపై ఇంతకన్న వ్రాయుట కాగితము దండుగ.

మూడవ సాకు సున్నితమైనది: ‘ఇంటిలో తెలుగే మాటలాడుచున్నాము గదా!’ అని. నిజమే. కాని ఇంటిలో మాటలాడు తెలుగు ఎంత? అన్నము తినుము, ఆలస్యమైనది, బస్సు వచ్చినది, అమ్మమ్మతో ఫోనులో మాటాడుము. ఇంతకు మించి వంటింటి తెలుగు పోదు. పోలేదని దానిని నిందింపరాదు. తలపోతకు, తర్కమునకు, దుఃఖమును నిలకడగా చెప్పుకొనుటకు తగిన తెలుగు ఉన్నత పాఠశాలలోనే మనకు పట్టుబడినది. పండ్రెండు మొదలు పదునారు వరకు గల యేండ్లలో చదువు మనస్సునకు అంటుకొనును. తాతగారు వ్రాసిన ఉత్తరము, పొలము దస్తావేజు, నవల, సంపాదకీయము, శతకము—ఇవి చదువుట ఆ యేండ్లలో వచ్చినదే. అందుచేతనే సమ్మేళనములలో ఎవరును ఐదవ తరగతిని తలచుకొని ఏడువరు. పదవ తరగతినే తలచుకొందురు. మన బిడ్డలకు ఆ యేండ్లలో తెలుగక్షరమే కంటబడలేదు. ఈ సంచికను వారి చేతికిచ్చి చూడుడు: ప్రకటనలలోని బొమ్మలు చూచి తిరిగి యిచ్చెదరు. మన సంఘముల సంచికలలో బాలుర పుటలు ఆంగ్లమున అచ్చగుట చూచి సంతోషించువారు, ఆ పుటలు ఎందులకు ఆంగ్లమున నున్నవో యోచింపరు.

కన్నడమునకు ద్రోహమగునని శంకించువారును కొందరు గలరు. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. దానిని బాగుగ నేర్వనివాడు ఈ గడ్డమీద ఉండదగడు. 2015 నాటి చట్టము కన్నడమును ప్రథమభాషగానో ద్వితీయభాషగానో పాఠశాలలలో నేర్పవలెనన్నది; అది న్యాయమే. అయితే రెండు భాషలు ఒకదాని నొకటి మ్రింగునని ఎవరు చెప్పిరి? కైవార నారాయణ తాతగారు రెంటను కీర్తనలు వ్రాసిరి. అనంతపురము సీమలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి 1949 వరకు తెలుగు బోధించుచు కన్నడమునను రచనలు చేసిరి. మైసూరు సంస్థానము తెలుగు పండితుని ముప్పదియేడేండ్లు పోషించినది. పీణ్యలో సొంత కర్మాగారములు గల మన శ్రేష్ఠులు ఒక తెలుగు ఉపాధ్యాయుని ఒక్క యేడు పోషింపలేకపోయిరి. అదే శ్రేష్ఠులు సొంత ఊరి పాఠశాలకు తమ బృందము పేర సిమెంటు ముఖద్వారము కట్టించుదురు. ఆ ద్వారముపై పేరు ఆంగ్లములో నుండుటయు నేడు అరుదు కాదు. 2019లో ఆంధ్ర ప్రభుత్వము పాఠశాలల నన్నిటిని ఆంగ్లమాధ్యమమునకు మార్ప నుత్తర్వు చేయగా, 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ యుత్తర్వు వచ్చిననాడు ఎన్ని పూర్వవిద్యార్థి బృందములు నోరు విప్పినవి?

ఇంకొక మాట. సమ్మేళనపు జాబితాలో తొమ్మిదవ తరగతిలోనే చదువు మానినవారి పేర్లు ఉండవు. వారిలో పలువురు ఇక్కడనే యున్నారు. 1953లో హెచ్.ఎమ్.టి., 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ జాలహళ్లికి వచ్చిన తరువాత మొదటివారు వచ్చిరి. 1970లలో పీణ్య పారిశ్రామికవాడ వెలసిన పిమ్మట వేలకొలది వచ్చిరి. ఒకే బల్లమీద చదివిన ఇద్దరిలో ఒకడు నేడు షెడ్డుకు యజమాని, రెండవవాడు మరియొక షెడ్డులో లేతుయంత్రము త్రిప్పుచున్నాడు. యజమాని బిడ్డ ప్రైవేటు పాఠశాలలో, కార్మికుని బిడ్డ సర్కారు పాఠశాలలో. పైన చెప్పిన పది, నలువది లెక్క సర్కారు పాఠశాలలో వెంటనే పనికివచ్చును. కాని దరఖాస్తు వ్రాయుట, కార్యాలయముల చుట్టు తిరుగుట ఆ కార్మికునికి తీరిక లేని పని. రెండు పూటల పనిచేసి వచ్చువాని తరఫున తిరుగవలసినవాడు ఆ పాత బల్లమీది మిత్రుడే. తన బిడ్డ పాఠశాలలోను అతడు అడుగవచ్చును. ఫ్రెంచి నేర్పుటకు ఉపాధ్యాయుని తెచ్చు యాజమాన్యములు, రుసుము చెల్లించు తల్లిదండ్రులు ఇరువదిమంది కలిసి అడిగినచో తెలుగునకు తేజాలవా?

ఉపాధ్యాయులు లేరనుట కూడ వట్టి మాట. ఉద్యోగ విరమణ చేసి, కొడుకుల యొద్దనో కూతుండ్ర యొద్దనో ఈ నగరముననే కాలక్షేపము చేయుచున్న తెలుగు పండితులు కలరు. ఉదయము ఉద్యానవనములో నడచి, మధ్యాహ్నము టెలివిజను చూచి, తమకు వచ్చినదానిని అడుగువాడు లేక కూర్చున్నారు. శాలువ వారికి అక్కరలేదు; ఆదివారము రెండు గంటలకు ఒక గది, ఒక నల్లబల్ల, పండ్రెండుగురు పిల్లలు చాలును.

మాతృభాషకొరకు వచ్చు అభ్యర్థనలను విద్యాసంవత్సరారంభమునకు మూడు నెలల ముందుగ నమోదు చేయవలెనని అల్పసంఖ్యాక భాషావర్గముల రక్షణలలో కలదు. ఇక్కడ బడులు జూనునకు తెరచును; అనగా పట్టిక మార్చి మొదటికి సిద్ధముగ నుండవలెను. రాబోవు సంక్రాంతికి సమ్మేళనమునకు పోవువారందరు పోవుదురుగాక. పోవుటకు ముందు, హాజరు పట్టిక వ్రాసిన చేతులతోనే ఇంకొక పట్టిక వ్రాయుడు: బిడ్డ పేరు, తరగతి, పాఠశాల, తల్లిదో తండ్రిదో సంతకము. ఏ ఆదివారమైన ఉదయము సంఘ కార్యాలయమునకు తెచ్చి యిచ్చినచో, తక్కిన తిరుగుళ్లు తిరుగుటకు మాలో కొందరము సిద్ధముగ నున్నాము.