గడ్డం తీయించుకోవడం సోకా?

ట్రాన్స్ మహిళలకి లేజర్ ఖర్చు ఇన్సూరెన్సులో ఇవ్వాలి అనగానే ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: "అది కాస్మెటిక్ కదండీ!" ఏ రచ్చబండ మీద పెద్దాయనో అంటే పోన్లే అనుకోవచ్చు. సమానత్వం గురించి గంటలు గంటలు మాట్లాడే మా సాఫ్ట్‌వేర్ జనాలే అంటున్నారు. అందుకే ఈ టపా.

ముందు కాస్త బయాలజీ. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ నూగుని ముదురు గడ్డంగా మారుస్తుంది. అలా ఒకసారి ముదిరాక ఈస్ట్రోజెన్ ఎన్నేళ్ళు వాడినా ఒంటి మీది వెంట్రుకలు పలచబడతాయేమో గానీ గడ్డం మాత్రం పోదు. హార్మోన్లు, సర్జరీ రెండూ అయినా పొద్దున్నే బ్లేడు పట్టాల్సిందే, సాయంత్రానికి మళ్ళీ గరుకు తేలాల్సిందే. బస్సులోనైనా, అద్దిల్లు అడిగేచోటైనా, ఇంటర్వ్యూలోనైనా ఎదుటివాడి చూపు ముందు పడేది ఎక్కడ? ముఖం మీదా, ఆపరేషన్ మీదా?

"అదెంతలెండి, రెండు సిట్టింగులు" అంటారు కొందరు. కాదు సార్. లేజర్ వెంట్రుకలోని నలుపుని పట్టుకుని కుదురుని కాలుస్తుంది. ఆ సమయానికి ఎదుగుతున్న వెంట్రుకలే దానికి దొరుకుతాయి. అందుకని నాలుగారు వారాలకోసారి, నెలల తరబడి తిరగాలి. మన చామనఛాయ చర్మంలోనూ ఆ నలుపే ఉంటుంది కాబట్టి సరైన మెషీను కాకపోతే బుగ్గలు కాలి మచ్చలు పడతాయి. మన రంగుకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ మేలు. తెల్లవెంట్రుకలకి ఏ లేజరూ పనిచేయదు.

అమెరికా ఎఫ్‌డీఏ లెక్కలో కూడా లేజర్ చేసేది "శాశ్వతంగా తగ్గించడం" మాత్రమే. శాశ్వతంగా తీసేసేది ఎలక్ట్రాలసిస్. ఒక్కో కుదురులోకీ సన్నటి సూది దించి కరెంటుతో మాడుస్తారు, వేలకొద్దీ వెంట్రుకలకి. పైగా సూదికి దొరకాలంటే కొన్నిరోజులు గడ్డం పెంచుకుని వెళ్ళాలి. చీర కట్టుకుని, గడ్డంతో, సిటీ బస్సెక్కి వెళ్ళడం ఒక్కసారి ఊహించుకోండి. సోకు కోసం ఎవరైనా ఇంత పడతారా?

ఇక చట్టం సంగతి. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 15వ సెక్షన్లో, ప్రభుత్వం తేవాల్సిన బీమా పథకంలో సర్జరీ, హార్మోన్లతో పాటు లేజర్ థెరపీ కూడా ఉండాలని పేరు పెట్టి మరీ రాశారు. అదే 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాలసీల్లో వాడే మినహాయింపులకి ఒక ప్రామాణిక జాబితా ఇచ్చింది. అందులో 7వది లింగమార్పిడి చికిత్సలు, 8వది కాస్మెటిక్ సర్జరీ. ఏడు నుంచి తప్పించుకుంటే ఎనిమిదిలో పడతారన్నమాట! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో ఉన్న ఫీచర్ని కోడ్‌లో ఎవడో కామెంట్ చేసి పెట్టాడు.

"మరి పీసీఓఎస్‌తో గడ్డం వచ్చే ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళకీ ఇవ్వట్లేదుగా" అని ఇంకో వాదన. నిజమే, ఇవ్వట్లేదు. అయితే వాళ్ళకీ ఇవ్వమని అడగాలి గానీ, ఒకరికి అన్యాయం జరుగుతోంది కాబట్టి రెండోవాళ్ళకీ జరగాలనడం ఏం లాజిక్కండీ?

గ్రూప్ పాలసీ కొనేది మన కంపెనీలే. ఏది చేర్చాలో, ఏది తీసేయాలో బేరమాడేదీ వాళ్ళే. ప్రసవం ఖర్చు, కళ్ళజోడు ఖర్చు బేరమాడే చేర్పించుకుంటున్నారు కదా! జూన్ నెలలో లోగోకి ఇంద్రధనుస్సు రంగులేయడానికి డిజైనర్‌కి అరగంట పని. పాలసీ రెన్యూవల్లో "లేజర్, ఎలక్ట్రాలసిస్" అని ఒక్క లైను చేర్పించాలంటే డబ్బు ఖర్చవుతుంది. అసలు పరీక్ష అక్కడుంది. ఈసారి మీ హెచ్చార్ వాళ్ళు రెన్యూవల్ మెయిల్ పంపినప్పుడు, ఆ లైను ఉందో లేదో అడగండి.