పక్షవాతం రోగికి ప్రోబయాటిక్స్ ఇవ్వవచ్చా?

పక్షవాతం మెదడుకు వచ్చే జబ్బే అయినా పేగుల్ని కూడా వదలదు. మంచం మీదే ఉండటం, నీళ్ళు తక్కువ తాగడం వల్ల రోగికి విరేచనం సాఫీగా కాదు. పైగా నిమోనియా వస్తే ఇచ్చే యాంటీబయాటిక్ మందులు జబ్బు క్రిములతోబాటు పేగులో మేలు చేసే సూక్ష్మజీవుల్ని కూడా చంపుతాయి.

"అయితే ఆ మంచి సూక్ష్మజీవుల్నే మందుగా ఇస్తే చచ్చుబడిన చెయ్యీ కాలూ త్వరగా స్వాధీనంలోకి వస్తాయా?" అని మీరు అడగవచ్చు. అలాంటి మందులనే ప్రోబయాటిక్స్ అంటారు. పేగులోని సూక్ష్మజీవులు మారితే మెదడులో దెబ్బతినే భాగం కూడా తగ్గడం 2016లో చిట్టెలుకల్లో కనిపించింది. కాని ఎలుక వేరు, మనిషి వేరు. ప్రోబయాటిక్ క్యాప్సూలు మింగితే పడిపోయిన చెయ్యి లేస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదు. కృత్రిమ శ్వాస మీద ఉన్న సుమారు 2,650 మంది రకరకాల రోగులలో జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ప్రోబయాటిక్ వల్ల వారిలో నిమోనియా తగ్గలేదు. కొద్దిమందిలో ఆ బాక్టీరియాయే ఉండకూడని చోట కనిపించింది. అందుచేత రోగనిరోధక శక్తి తగ్గినవారికి, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చినవారికి డాక్టరును అడగకుండా వీటిని ఇవ్వకండి.

"పోనీ, ఇంట్లో మజ్జిగ ఉందిగా!" అంటారేమో. చలవ చేస్తుందని మనవాళ్ళు జబ్బు మనిషికి ముందుగా పట్టేది అదే. జాగ్రత్త అవసరమైనదీ అక్కడే. పక్షవాతంలో మింగే కండరాలు కూడా చచ్చుబడవచ్చు. అప్పుడు పల్చని మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది. పొలమారడం, దగ్గు రావడం, తాగిన వెంటనే గొంతు గరగరలాడటం దీనికి గుర్తులు. ఒక్కోసారి దగ్గు కూడా రాదు. కనుక రోగి సరిగా మింగగలడో లేదో పరీక్ష చేయించకముందు నోట్లో చుక్క నీరు కూడా పోయవద్దు. డాక్టరు సరేనన్న తర్వాత నిటారుగా కూర్చోబెట్టి, ఆయన చెప్పినంత చిక్కగా, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకండి.

పేగులు బాగుండటానికి మింగగలిగే రూపంలో పప్పు, కూరలు, పళ్ళు పెట్టండి. డాక్టరు చెప్పినంత నీళ్ళు ఇవ్వండి. రోజూ కాస్త కదిలించండి. వార్ఫరిన్ మాత్రలు వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు.

చెయ్యీ కాలూ స్వాధీనంలోకి తెచ్చుకునే దారి వ్యాయామం. పక్షవాతం మళ్ళీ రాకుండా కాపాడేవి బ్లడ్ ప్రెషర్ మాత్రలు, డాక్టరు రాసిన ఇతర మందులు. క్యాప్సూళ్ళు కొనడానికి డబ్బు ఖర్చుచేసి వీటిని మాత్రం ఆపకండి.