చెనక్కాయ నేలలో పొడి ప్యాకెట్టు

బుక్కపట్నంలో ఓ కిరాణా కొట్టు ముందు దండలుగా వేలాడుతున్న ప్యాకెట్లు చూసి ఈ వారం ఒళ్ళు మండింది. చెనక్కాయల పొడి, వంద గ్రాములు, 55 రూపాయలు. ఎక్కడ తయారైందో అని తిప్పి చూస్తే హైదరాబాద్ శివారులోని పారిశ్రామికవాడ. అంటే నాలుగు వందల కిలోమీటర్ల పైనుంచి వచ్చింది. ఏ ఊరికి? కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి అంటూ దేశమంతటికీ వేరుశనగ రకాలనిచ్చిన పరిశోధన కేంద్రం ఉన్న జిల్లాలోని ఊరికి! కొనేవాళ్ళను తప్పుపట్టను అని రాస్తే మర్యాదగా ఉంటుంది. కానీ పడుతున్నాను.

లెక్క చూడండి. 2025-26కి కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. క్వింటాలు కాయ ఒలిస్తే విత్తనాలు సుమారు 70 కిలోలు. కిలో 104 రూపాయల లోపే పడుతుంది. ఆ మద్దతు ధరైనా ఎంతమంది రైతుల చేతికి అందుతుందన్నది వేరే కథ. ఇక ప్యాకెట్టులో ఉన్నది కిలో 550 రూపాయల పొడి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు, గ్యాసు, కొట్టువాడి లాభం అన్నీ వేసినా ఇంట్లో చేసుకునే పొడి దానిలో సగం దాటదు. సాసులకూ ఊరగాయలకూ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని 2025 సెప్టెంబరులో సంబరపడ్డవాళ్ళున్నారు. మూకుడులో వేయించుకునేవాడికి ఆ 5 శాతం కూడా లేదు కదా!

పోనీ, చేయడమేమన్నా బ్రహ్మవిద్యా? విత్తనాలను సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చల్లారాక పొట్టు నలిచి, చాటలో చెరగాలి. మిరపకాయలు, ఉప్పు, చింతపండు ముందు మెదిగాక విత్తనాలు, చివర వెల్లుల్లి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. ఆ ముద్దనే ఇప్పుడు పీనట్ బటరని సీసాకు పోసి నాలుగింతలకు అమ్ముతున్నారు. జిమ్ముకు పోయే మా కుర్రాళ్ళు దాన్ని కొని, అమ్మ చేసిన ఊరుబిండిని పక్కకు నెడతారు. వంద గ్రాముల చెనక్కాయ విత్తనాల్లో 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి నాయనా! సీసాలోకి పోతే అవి పెరగవు. వేయించిన విత్తనాలు, నూనెలో మగ్గిన పచ్చిమిరపకాయలు, ఇంత చింతపండు వేసి నూరి, ఆఖర్న పచ్చి ఉల్లిపాయ కచ్చాపచ్చాగా దంచి కలిపిన ఊరుబిండి రాగి సంగటి పక్కన ఉంటే ఇంకేం కావాలో నాకు తెలియదు.

ఆరోగ్యం మాటకొద్దాం. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ అధికారులు మన దేశపు రెండు పెద్ద బ్రాండ్ల మసాలాలు నాలుగింటిలో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికిందని అమ్మకాలు ఆపించారు. సింగపూర్ కూడా అందులో ఒకదాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. క్రిములు చంపడానికి వాడే ఆ వాయువు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. మన వంటింట్లో క్రిముల పని మూకుడు వేడి చూసుకుంటుంది. అలాగని ఇంట్లో చేసిందల్లా అమృతం కాదు. ముడతలు పడ్డవీ, నల్లబడ్డవీ, బూజు వాసన వచ్చేవీ ఏరి పారేయకపోతే అఫ్లాటాక్సిన్ అనే విషం పొడిలోకొస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. కాయను సరిగా ఎండబెట్టకుండా గోనెల్లోకెత్తే తొందర దానికి ఒక ముఖ్య కారణం. ఉప్పు సంగతి సరేసరి. రోజుకు 5 గ్రాములు మించొద్దంటారు, మనం ఊరగాయ ముక్కతోనే సగం కానిచ్చేస్తాం.

ఇంకొకటి. ‘ఇంట్లోనే చేసుకోండి, ఆరోగ్యం’ అని పొద్దున్నే వాట్సాప్‌లో పంపే మగవాళ్ళలో చాట పట్టి చెరగడం ఎందరికొచ్చు? ఆడవాళ్ళ నడుముల మీద ఆదా చేసేది ఆదా కిందకు రాదు. పొట్టు నలిచే పనన్నా మీరు చేయండి.

పొడిలో నలిగే చింతపండు తలచుకుంటే నాకు అసలు కోపం వస్తుంది. హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రకాలుగా పోసి వేలం వేసే చింతపండు మన సీమకు పేరు తెచ్చిన సరుకు. ఆ చెట్లు ఎవరు నాటారు? దారుల పక్కన నీడ కోసం పూర్వం నాటినవి. పైసా ఖర్చు లేకుండా, దారిన పోయేవాడు కూడా ఏరుకున్న పులుపు అది. పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని వెడల్పు చేశారు, మిగతా రోడ్లనూ చేస్తున్నారు. గొడ్డలి పడిన ప్రతిచోటా ముందు కూలేది చింతచెట్టే. బదులుగా నడిమధ్య గన్నేరు నాటుతారు. గన్నేరు చూడటానికి బాగుంటుంది. మేకైనా ముట్టని విషం.

చింత కాపుకు రావాలంటే పదేళ్ళు పడుతుందని సాకు చెబుతారు. అంటుమొక్క నాలుగైదేళ్ళకే కాస్తుంది. తెట్టు అమాలిక, ఎర్రగుజ్జు ఉండే అనంత రుధిర లాంటి రకాలు ఇచ్చింది మన అనంతపురం ఉద్యాన శాస్త్రవేత్తలే. రకాలు మన దగ్గరే పుట్టాయి, ఎండను తట్టుకునే చెట్టు, అమ్ముకోవడానికి హిందూపురం పక్కనే ఉంది. అయినా కొత్త రోడ్డు పక్కన పడేది కోనోకార్పస్ కొమ్మే. దాన్నొద్దని చెప్పేవాళ్ళే ఎక్కువ, తినడానికి కాయా లేదు, పండూ లేదు.

రహదారి పనికి టెండరు పిలిచే అధికారులు, వచ్చే వానకు నర్సరీల్లో మొక్కలు సిద్ధం చేసేవాళ్ళు ఈ శీర్షిక చదువుతారని నాకు పెద్ద భ్రమ లేదు. చదివితే మాత్రం ఒక్క పని చేయండి. మీ పట్టికలో కొట్టిన ప్రతి చింతచెట్టుకూ ఎదురుగా మూడు చింత అంటుమొక్కలు రాయండి, గన్నేరుకు మళ్ళీ బిల్లు పెట్టకండి. నీళ్ళు పోసే మనిషి జీతం ఏ పద్దు కింద వేయాలో కూడా ఇప్పుడే తేల్చండి. మొక్క నాటిన ఫోటో తీయించుకున్నాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.