పాత టిప్పర్లకు రింగు డిస్కులు తీసి ట్యూబ్‌లెస్ చక్రాలు వేయించాలని వినతిపత్రం

గౌరవనీయులైన పురపాలక సంఘ కమిషనర్ గారికి,

పారిశుద్ధ్య విభాగంలో చెత్త టిప్పర్లపై పనిచేస్తున్న డ్రైవర్లు, క్లీనర్లు, వర్క్‌షాపు కార్మికులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: పాత టిప్పర్లకున్న రింగు డిస్కులను తొలగించి ఒకే ముక్కగా ఉండే ట్యూబ్‌లెస్ డిస్కులు, వాటికి తగిన టైర్లు వేయించడం, అంతవరకు గాలి కొట్టే పనికి రక్షణ కల్పించడం గురించి.

ఆర్యా,

వార్డుల్లో పోగైన చెత్తను డంపింగ్ యార్డుకు చేరవేసే ఆరు చక్రాల టిప్పర్లలో పాతవి ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తున్నాయి. ఇంజన్, గేర్‌బాక్స్, తొట్టి లేపే జాకీ బాగున్నాయి. ఇన్నేళ్లుగా వాటిని కాపాడుకొస్తున్నవాళ్లం కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. అందుకే కొత్త బండ్లు అడగడం లేదు. ఉన్న బండ్లకు చక్రాలు మార్చమని అడుగుతున్నాం.

ఈ టిప్పర్లవి 10.00-20 కొలత ట్యూబు టైర్లు. వాటి డిస్కు పలు ముక్కలుగా ఉంటుంది. టైరు ఎక్కించాక ఒక పక్క రింగు పెట్టి, అది జారకుండా డిస్కు అంచున ఉన్న గాడిలో లాక్ రింగు కూర్చోబెడతారు. లోపల ట్యూబు, ఫ్లాపు ఉంటాయి. గాలి 100 పౌండ్లకు చేరేసరికి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 7 కిలోల ఒత్తిడి పడుతుంది. పక్క రింగు మొత్తం మీద లెక్క కడితే అది టన్నుల్లోకి వెళుతుంది. అంత బలాన్నీ ఆపి ఉంచేది ఆ ఒక్క లాక్ రింగే. గాడి తుప్పు పట్టి పలచబడినా, రింగు వంగినా, ఒక కంపెనీ డిస్కుకు మరో కంపెనీ రింగు తగిలించినా అది సరిగా కూర్చోదు. పైకి మాత్రం కూర్చున్నట్టే కనబడుతుంది. గాలి ఎక్కుతుండగానో, ఎక్కాక నట్లు విప్పేటప్పుడో అది ఊడి ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

చెత్త బండికి ఈ ప్రమాదం మామూలు సరుకు లారీకంటే ఎక్కువ. తడి చెత్త నుంచి కారే నీరు తొట్టి సందుల్లోంచి వెనక చక్రాల మీద పడుతుంది. యార్డులో బండి దిగబడి నిలిచేది కూడా ఆ నీటిలోనే. పులిసిన ఆ నీరు ఇనుమును తినేస్తుంది, బురద గాడిలో చేరి గట్టిపడుతుంది. రంగు వేసిన డిస్కు లోపల గాడి ఎంత మిగిలిందో టైరు విప్పితే తప్ప తెలియదు. ఫిట్‌నెస్ తనిఖీలో టైరు అరుగుదల చూస్తారు. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కానీ గాలి నిండిన టైరు మాటున ఉన్న గాడి తనిఖీ చేసేవారి కంటికి అందదు. బండికి ఎఫ్‌సీ ఉంది కదా అన్న సమాధానం మా ఆందోళనను తీర్చలేకపోవడానికి కారణం ఇదే.

ఇటీవల రోడ్డు పక్క పంచరు షాపులో మన టిప్పర్ టైరుకు గాలి కొడుతుండగా లాక్ రింగు ఊడి, షాపు పైరేకును చీల్చుకుని పోయింది. పని చేస్తున్న కుర్రవాడు అప్పుడే కంప్రెసర్ దగ్గరికి వెళ్లి ఉండడం వల్ల బతికాడు. అతని పేరు మన మస్టరులో లేదు. అయినా ఆ చక్రం మనది, అతను చేస్తున్నది మన పని. అతని ప్రాణానికి మన పురపాలక సంఘం బాధ్యత వహించవలసిందేనని మా అభిప్రాయం.

ఈ ప్రమాదం లోకానికి తెలియనిది కాదు. అమెరికాలో కార్మికుల భద్రతను చూసే ఓషా సంస్థ పలు ముక్కల చక్రాల మరమ్మతుకు 1980లోనే ప్రత్యేక నిబంధనలు పెట్టింది. 1984లో ఒకే ముక్క చక్రాలనూ వాటి పరిధిలోకి తెచ్చింది. ఇనుప పంజరంలో ఉంచి గాలి కొట్టాలి, కొట్టే మనిషి రింగు ఎగిరే దారికి తప్పుకుని నిలబడాలి, పగుళ్లు, వంకరలు, తుప్పు గుంటలు ఉన్న భాగాలు మళ్లీ వాడకూడదు, వాటికి వెల్డింగు పెట్టకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మన వర్క్‌షాపులో అమలు చేయలేనిది వీటిలో ఒక్కటీ లేదు.

ఈ నేపథ్యంలో మా డిమాండ్లను మీ ముందుంచుతున్నాం.

1. రింగు డిస్కులున్న ప్రతి చక్రాన్నీ, స్టెప్నీతో సహా, వెంటనే విప్పించి తనిఖీ చేయించాలి. గాడి తిన్నవి, రింగు వంగినవి, జత కలవనివి పక్కన పెట్టి, ఏ బండికి ఏ చక్రం తీసేశారో రిజిస్టరులో రాయించాలి. కొత్త చక్రాలు వచ్చేదాకా ఆగితే కుదరని పని ఇది.

2. ఒక్కో బండికి ఆరు చక్రాలు, స్టెప్నీ కలిపి ఒకేసారి ట్యూబ్‌లెస్‌కు మార్చాలి. సగం పాతవి, సగం కొత్తవి ఉంచితే స్టెప్నీ ఒక రకం చక్రాలకే పనికొస్తుంది; జంట చక్రాల్లో ఎత్తు తేడా వస్తే బరువంతా ఒక టైరు మీదే పడుతుంది. 295/80 ఆర్ 22.5 టైరు ఎత్తు సుమారు 1044 మిల్లీమీటర్లు. ఇప్పుడున్న టైరుకు అది చాలా దగ్గర. అయితే ఎత్తు సరిపోయినంత మాత్రాన డిస్కు సరిపోయినట్టు కాదు. స్టడ్ల సంఖ్య, వాటి వలయం కొలత, మధ్య రంధ్రం, డిస్కు లోతు, వెనక జంట టైర్ల మధ్య ఎడం అన్నీ కలవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 అనుమతించదు. కాబట్టి ఆ మోడలుకు ఏ డిస్కు, ఏ టైరు తగినవో తయారీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించి, రవాణా శాఖ అధికారులకు చూపి, ఆ తరువాతే టెండరు పిలవాలని కోరుతున్నాం. తక్కువ ధర ఒక్కటే చూసి పాత డిస్కులకు రంగు వేసి తెచ్చేవారికి టెండరు దక్కకుండా నాణ్యత షరతు స్పష్టంగా రాయాలి.

పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు కాబట్టి, త్వరలో తుక్కుకు పోయే బండికి ఖర్చెందుకని లెక్కల విభాగం అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గడువు దగ్గరపడ్డ బండిని చివరి వరుసలో ఉంచండి. దానికి తనిఖీలో నెగ్గిన చక్రాలే వాడనివ్వండి. ఇంకా కొన్నేళ్లు తిరగవలసిన బండ్లకు మాత్రం ఈ ఖర్చు తప్పదు. బండి తుక్కుకు పోయినా, స్టడ్లు, కొలతలు కలిసే మరో బండికి ఆ డిస్కులు పనికొస్తాయి. ట్యూబు, ఫ్లాపు కొనే ఖర్చు కూడా మిగులుతుంది.

3. వర్క్‌షాపులో ఇనుప పంజరం, వాల్వుకు పట్టి ఉండే క్లిప్పు, పొడవాటి పైపు, దూరం నుంచే చూసే మీటరు ఏర్పాటు చేయాలి. ట్యూబ్‌లెస్ వచ్చాక కూడా ఇవి కావాలి. గాలి తగ్గి చాలాదూరం నడిచిన టైరు పక్క గోడలోని ఉక్కు తీగలు దెబ్బతిని, మళ్లీ గాలి ఎక్కేటప్పుడు ఒక్కసారిగా పగలవచ్చు. జంట చక్రాల నట్లు విప్పేముందు రెండింటి వాల్వు పిన్నులూ తీసి గాలి పూర్తిగా వదలాలని లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి. చక్రం మార్చిన బండి కొంత దూరం తిరిగాక నట్లు మళ్లీ బిగించడం డ్యూటీలో భాగంగా లెక్కించాలి.

4. ఈ పని బయటి షాపులకు ఇవ్వవలసి వస్తే, పంజరం ఉన్న షాపుకే ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి చేత చేయించకూడదని ఒప్పందంలో రాయాలి. ఔట్‌సోర్సింగ్ క్లీనర్లకూ ప్రమాద బీమా వర్తింపజేయాలి.

5. తీసేసిన డిస్కులను, రింగులను గ్యాస్‌తో కోయించాకే వేలం వేయాలి. యథాతథంగా అమ్మితే అవి మరో లారీకి చేరి, మరెవరి ముందో ఊడిపోతాయి.

6. రింగు మీద అనుమానంతో బండి తీయనన్న డ్రైవరుపై చర్య తీసుకోకూడదు. అతని అభ్యంతరాన్ని పుస్తకంలో రాయించి, మెకానిక్ చూసి సంతకం చేశాకే బండి కదలాలి.

చెత్త తరలింపు ఒక్కరోజు ఆగినా ఊరు ఎంత ఇబ్బంది పడుతుందో మాకు తెలుసు. అందుకే పనికి అంతరాయం లేకుండా ఒక్కో బండిని వంతులవారీగా షెడ్డులో పెట్టే పట్టికను మేమే తయారుచేసి ఇస్తాం. దెబ్బతిన్నదని మా కళ్లకు కనబడుతున్న రింగుకు మాత్రం గాలి కొట్టలేమని గౌరవంగా తెలియజేస్తున్నాం.

ఈ విషయాలు వివరించడానికి మా ప్రతినిధులకు సమయం కేటాయించి, ఇంజనీరింగ్, లెక్కల విభాగాల అధికారుల సమక్షంలో చర్చించి, తీసుకున్న నిర్ణయాన్ని, అమలు తేదీలను 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

భవదీయులు,
పారిశుద్ధ్య విభాగం డ్రైవర్లు, క్లీనర్లు, వర్క్‌షాపు కార్మికులు