వంటింటి ఎండను ఎవరు కొలుస్తారు?

పిల్లలూ! మే నెలలో ఏ రోజైనా సాయంత్రం టీవీలో వార్తలు పెట్టి చూడండి. రెంటచింతలలో ఇంత, రామగుండంలో ఇంత, భద్రాచలంలో ఇంత అని క్రికెట్ స్కోరు చదివినట్టు ఉష్ణోగ్రతలు చదువుతారు. తెరమీద ఎర్రటి సూర్యుడు గిర్రున తిరుగుతాడు. ఆ తరవాత ఒక సలహా వస్తుంది: మధ్యాహ్నం 12 గంటల నుంచి 3 గంటల దాకా బయటికి రాకండి, ఇంట్లోనే ఉండండి అని. సలహా మంచిదే. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువ. కాబట్టి ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే నాదొక ప్రశ్న. సరిగ్గా ఆ 12 గంటల వేళకు మీ ఇంట్లో పొయ్యి ముందు ఎవరు నిలబడి ఉంటారు? ఆవిడ ఇంట్లోనే ఉన్నది కదా! టీవీ చెప్పినట్టే చేస్తున్నది కదా! మరి చెమటతో చీర ఎందుకు తడిసిపోతున్నది, కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయి?

వార్తల్లో చెప్పే అంకె ఎక్కడిదో ముందు తెలుసుకుందాం. ఆరుబయట గడ్డినేల మీద, మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. దాని గోడలకు కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పలకలు ఉంటాయి. గాలి లోపలికి ధారాళంగా వస్తుంది కాని ఎండ రాదు. దీన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లండులో దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు. 'ట్రెజర్ ఐలండ్' నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి. ఇప్పుడు చాలాచోట్ల స్వయంచాలక యంత్రాలు వచ్చినా, నీడలో, గాలి ఆడేచోట కొలవాలన్న నియమం మారలేదు. అంటే టీవీలో 45 డిగ్రీలు అన్నప్పుడు అది నీడలోని గాలి వేడిమి. మీ వంటింట్లో నీడ ఉన్నది. గాలి ఆడుతున్నదా? అక్కడే వస్తుంది చిక్కు.

వంటింట్లో ఫ్యాను వేస్తే పొయ్యిమంట రెపరెపలాడుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. అందుకని ఇంటిల్లిపాదీ హాల్లో ఫ్యాను కింద కూర్చుంటే, నిప్పు దగ్గర నిలబడిన మనిషికి మాత్రం ఫ్యాను ఉండదు. ఇందులో పెద్ద సైన్సేమీ లేదు, మీరూ చూసే ఉంటారు. సైన్సు ఉన్నది ఆ తరవాతి సంగతిలో.

గ్యాసు పొయ్యి వెలిగిస్తే వేడి వస్తుందని అందరికీ తెలుసు. నీళ్ళు కూడా వస్తాయని ఎందరికి తెలుసు? సిలిండరులో ఉండేవి ముఖ్యంగా ప్రొపేను, బ్యూటేను. బ్యూటేను అణువులో 4 కార్బన్ పరమాణువులు, 10 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది మండినప్పుడు ఆ హైడ్రోజన్ అంతా ఆక్సిజన్‌తో కలిసి 5 నీటి అణువులవుతుంది. తొమ్మిదో, పదో తరగతి వాళ్ళు ద్రవ్యరాశుల లెక్క వేయండి: 58 గ్రాముల బ్యూటేనుకు 90 గ్రాముల నీరు. అంటే కిలో గ్యాసు మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరి రూపంలో గదిలోకి వస్తుంది. 14.2 కిలోల సిలిండరు మీ ఇంట్లో నెలరోజులు వస్తుందనుకుందాం. రోజుకు 470 గ్రాముల గ్యాసు, దాని నుంచి దాదాపు ముప్పావు లీటరు నీరు! ఇది మంట నుంచి వచ్చేది మాత్రమే. అన్నం నుంచి, పప్పు నుంచి, పులుసు నుంచి లేచే ఆవిరి దీనికి అదనం.

ముప్పావు లీటరు ఒక లెక్కా అనకండి. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటింట్లో సుమారు 18 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 35 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. మొత్తం 720 గ్రాములు. అంటే రోజంతటి మంట నుంచి పుట్టే నీరు ఆ గదిలోని పూర్తి పొడిగాలిని కూడా తేమతో నింపేయడానికి సరిపోతుంది. కిటికీ తలుపుల గుండా చాలా ఆవిరి బయటికి పోతుంది కనుక అంత జరగదు. కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా ఉంటేనో? పట్నాల్లో అద్దె వాటాలు ఎన్నో అలాంటివే.

ఇక వేడి సంగతి. ఆ 470 గ్రాముల గ్యాసులో ఉన్న శక్తి దాదాపు 6 యూనిట్ల కరెంటుకు సమానం. వెయ్యి వాట్ల హీటరును ఆరుగంటలపాటు వెలిగించినంత. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే ఇంట్లో హీటరు పెట్టుకునేవాళ్ళను చూసి నవ్వుతాం కదూ! గిన్నెలోకి పోయిన వేడి గదిలోకి రాదు కదా అని మీకు సందేహం రావచ్చు. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే. అన్నం చల్లారిందంటే దానిలో వేడి గాలిలోకి వచ్చిందనే అర్థం.

ఇప్పుడు శరీరం వైపు చూద్దాం. మన చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. చుట్టూ గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు శరీరం చల్లబడటానికి మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరడం. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కాలరీల వేడిని చర్మం నుంచి తీసుకుపోతుంది. ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోతారే, అదే మనల్ని వేసవిలో బతికిస్తున్నది. కాని చెమట ఆవిరి కావాలి. బొట్లు బొట్లుగా నేలమీద కారిపోయిన చెమట చల్లబరచదు. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. ఉక్కపోసిన రోజున మట్టికుండలో నీళ్ళు సరిగా చల్లబడకపోవడం చూశారా? మన సంగతీ ఆ కుండ సంగతే.

అందుకే ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి చూసే పద్ధతి ఒకటి ఉన్నది. గుడ్డలోని నీరు ఆరుతూ బల్బును చల్లబరుస్తుంది. ఆ అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట పట్టిన మనిషికి గాలి ఎంత సాయం చేయగలదో అది చెబుతుంది. ఉదాహరణకు గాలి 45 డిగ్రీలు ఉండి, తేమ నూటికి 15 వంతులే ఉంటే తడిబల్బు సుమారు 24 చూపుతుంది. గాలి 38 డిగ్రీలే ఉండి, తేమ 60 వంతులుంటే తడిబల్బు 31 చూపుతుంది! టీవీలో మొదటి ఊరికి ఎర్రరంగు పూస్తారు. రెండో ఊరిని అసలు చెప్పకపోవచ్చు. చెమట ఆరని బాధ మాత్రం రెండో ఊరివాళ్ళదే. సముద్రం ఒడ్డున ఉండే మీకు ఇది అనుభవమే. మధ్యాహ్నం వేళ గాలి ఆడని వంటిల్లు ఏ ఊళ్ళో ఉన్నా ఆ రెండో ఊరి బాటే పడుతుంది.

తడిబల్బు 35 డిగ్రీలు దాటితే నీడలో కూర్చుని నీళ్ళు తాగుతున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద ప్రయోగం చేసి చూశారు. తేమ ఎక్కువగా ఉన్న గదిలో తేలికపాటి శ్రమ చేస్తుంటే తడిబల్బు 31 దగ్గరే శరీరంలోపలి వేడి ఎడతెగకుండా పెరగసాగింది. తేలికపాటి శ్రమ అంటే ఇంటిపని చేసేటంత శ్రమే. వాళ్ళు యువకులు. మీ నాయనమ్మకు ఎన్నేళ్ళు?

టీవీ వాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు ఇదే. ఉష్ణోగ్రత పక్కన తేమను కూడా చెప్పడానికి మూడు క్షణాలు పట్టదు. వాతావరణ శాఖ దగ్గర ఆ అంకెలున్నాయి. ఎండవేళ వంట చేయకండి, వంటగదికి గాలి వచ్చేలా తలుపులు, కిటికీలు తెరవండి అని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తన సూచనల్లోనే చెప్పింది. గొడుగు, మజ్జిగ, నూలుబట్టల గురించి చెప్పే వార్తల్లో ఈ ఒక్క మాట నాకు వినిపించడం అరుదు. మన పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ మొదట వచ్చింది 1975 ఆగస్టులో. ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు నేర్పడానికి వచ్చింది. 1983లో అంతరిక్షంలోకి వెళ్ళిన ఇన్సాట్-1బి అయితే టీవీ ప్రసారాలనూ మేఘాల చిత్రాలనూ రెంటినీ పంపింది. పుట్టుకతోనే వాతావరణంతో చుట్టరికం ఉన్న సాధనం వంటింటి గడప దగ్గర ఆగిపోవడం నాకు నచ్చదు. ఇక వంటల కార్యక్రమాలున్నాయి. చల్లటి స్టూడియోలో నాలుగు కూరలు చేసినా ఆ వండేవారికి చెమటబొట్టు పట్టదు. అది చూసి వంట అంటే ఆటే అనుకునేవాళ్ళు ఇళ్ళల్లో తయారవుతున్నారు.

టీవీని అని ఊరుకుంటే సరిపోదు. మధ్యాహ్నం ఒంటిగంటకు పొగలు కక్కే అన్నం కావాలని అడిగేవాళ్ళెవరు? వాళ్ళు అడిగినందువల్లే ఇంకొకరు పన్నెండు గంటలకు పొయ్యి వెలిగిస్తున్నారు. మా ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదికల్లా పొయ్యి ఆరిపోతుంది. నేను బడికి పోవాలి కనుక మొదలైన అలవాటే అయినా, సెలవుల్లోనూ మార్చలేదు. పప్పు, బియ్యం ముందే నానబెడితే, గిన్నెల మీద మూతపెడితే గ్యాసూ వేడీ రెండూ తగ్గుతాయి. ఉడకగానే అన్నం హాట్ బాక్సులో పెడితే భోజనాల వేళకు వెచ్చగానే ఉంటుంది. వేసవిలో వండిన అన్నాన్ని బయట వదిలేస్తే మాత్రం బాక్టీరియా త్వరగా పెరుగుతుంది, జాగ్రత్త. పులుసు, పచ్చడి, మజ్జిగ మన ఎండలకు తగిన తిండ్లు. వాటిని ఎవరూ వేడిగా అడగరు!

మా అమ్మమ్మలు కట్టెలపొయ్యి ముందు వండలేదా అని కొందరంటారు. వండారు. చాలామంది వేసవిలో పెరట్లో పొయ్యి పెట్టుకున్నారు. పొలం పనులకు పోయే ఇళ్ళలో పొద్దెక్కకముందే వంట ముగించేవారు. పెంకుటిళ్ళ సందుల్లోంచి ఆవిరి పైకి పోయేది. పొగతో వాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ పాడైన మాటా నిజమే, ఆ రోజులే బాగుండేవని నేననను. కాని పైన కాంక్రీటు శ్లాబు వేసుకుని, కిటికీ మూసుకుని, వంటవేళను మాత్రం నడినెత్తి సూర్యుడి దగ్గరకు తెచ్చింది మనం.

నా మాట నమ్మకండి, కొలవండి. డాక్టరు నోట్లో పెట్టేది కాదు, ప్రయోగశాలలో వాడే మామూలు ఉష్ణమాపకాలు రెండు కావాలి. పాదరసానివి వద్దు, ఎర్ర ద్రవం ఉన్నవి తీసుకోండి. ఒకదాని బల్బుకు పల్చటి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న గిన్నెలోని నీళ్ళలో ఉంచండి. మొదట వరండాలో, తరవాత వంటింట్లో, పొయ్యికి ఒక మీటరు దూరంలో, వండేవారి భుజం ఎత్తున వేలాడదీయండి. మీ ఇంట్లో వండే వేళ ఏదైతే ఆ వేళకు పొయ్యి వెలిగించకముందు ఒకసారి, వెలిగించిన అరగంటకు ఒకసారి రెండు అంకెలూ నోటుబుక్కులో రాయండి. మర్నాడు కిటికీ తెరిచి మళ్ళీ కొలవండి. రాసిన కాగితాన్ని భోజనాల దగ్గర అందరూ చూసేలా పెట్టండి. అంకె చూశాక వంటవేళ మార్చడానికి ఎక్కువ వాదన అక్కర్లేదు.

ఒంటిపూట బడుల రోజుల్లో మన బడి వంటశాలలో మధ్యాహ్న భోజనం వండే అమ్మల దగ్గర కూడా ఒకసారి కొలవండి. వందమందికి అన్నం ఉడికే గుండిగ పక్కన వాళ్ళు ఎంతసేపు నిలబడుతున్నారో ఆ అంకెల పక్కనే రాసి హెడ్మాస్టరు గారికి చూపండి. చాలా బడుల్లో ప్రయోగశాల అల్మారాలో తడి, పొడి బల్బుల పరికరం ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. దాని గుడ్డ ఎప్పుడో ఎండి గట్టిపడి ఉంటుంది. కొత్త గుడ్డ కట్టి, గిన్నెలో మంచినీళ్ళు పోస్తే చాలు, పనిచేస్తుంది.